ఏమీ అడగని దేశం

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు హైదరాబాదు నుంచి వచ్చి, వరండాలో కాళ్ళు చాపుకొని కూర్చుని, ఫోనులో దేశాల పేర్లు చదవడం మొదలుపెట్టింది. ఏ దేశంలో చదువుకు వీసా తొందరగా వస్తుంది, ఏ దేశం ఇంటర్వ్యూ పెట్టదు, ఏ దేశానికి ఇంగ్లీషు పరీక్ష అక్కర్లేదు, అన్నీ వరసగా పట్టీ వేసి ఉన్నాయట అందులో. మన కాలంలో బస్సు వేళ తెలుసుకోవాలన్నా బస్టాండు దాకా నడిచివెళ్ళి కిటికీలోని మనిషిని బతిమాలుకోవలసి వచ్చేది, వీళ్ళకు దేశాలే వేలి కొసకు వచ్చి వాలుతున్నాయి, మంచిదే, అనుకుంటూ నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. అది ఏదో దరఖాస్తు తెరిచి, నన్ను ఆటపట్టించడానికి ఒక్కొక్క ప్రశ్నా పైకి చదవసాగింది. ఇంటిపేరు ఏమిటి, పుట్టిన ఊరు ఏది, తండ్రి పేరు ఏమిటి అని అడిగి, ఆ తర్వాత, "అత్తా, గిది విను, ఇంతకు ముందు మీకు వేరే పేరేమన్న ఉండెనా అని అడుగుతుండ్రు" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పిల్ల ఇంకో ప్రశ్నకు వెళ్ళిపోయింది గానీ నేను ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయాను.

నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదివితే నమ్ముతారని రాస్తున్నాను. ఈ కాలం పిల్లలకు చెబితే, అంత సులువైన పని అప్పుడే సరిచేసుకోకపోయారా అంటారు.

మా ఇంట్లో నన్ను 'చిన్నది' అనేవాళ్ళు. నాయిన, అమ్మ, నాయనమ్మ, దుకాణంలో బస్తాలు మోసే హమాలీలు, అందరికీ నేను చిన్నదాన్నే. బడిలో, కాలేజీలో, మార్కుల మెమోల మీద మాత్రం ఇంకో పేరు ఉండేది. ఆ పేరు ఇక్కడ రాయను. దవాఖానలో నా గది తలుపు మీద అదే ఉంది, నేను రాసే మందు చీటీల మీదా అదే ఉంది, అయినా రాయను. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు మనవైపు వింతేమీ కాదు గదా. చిన్నది అంటున్నారంటే పెద్దది ఎక్కడో ఉండాలి కదా అని మాత్రం నాకు ఎప్పుడూ తోచలేదు. నాకు ఊహ తెలియకముందు అక్క ఒకతి జ్వరమొచ్చి పోయిందని తెలుసు. ఆ రోజుల్లో పిల్లలు పోని ఇల్లు లేదు గనుక, పెద్దవాళ్ళు దాని ఊసెత్తకపోయినా నేను అడగలేదు.

అడగవలసినవి చాలానే ఉండెనని ఇప్పుడనిపిస్తుంది. మా నాయనమ్మ నా బడి పేరును ఒక్కసారి కూడా నోట పలకలేదు. ఎవరైనా ఇంటికొచ్చి ఆ పేరుతో నన్ను అడిగితే, తను పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కొని వచ్చేది. ముసలామె చాదస్తం అనుకునేదాన్ని. అంతకంటే ముందుది, నా బడి మొదటిరోజు. అప్పుడు మేము కోటగిరి దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. నాకు ఐదేళ్ళు. అమ్మ నా రెండు భుజాలూ పట్టుకొని, సారు ఫలానా పేరు పిలుస్తాడు, నువ్వు లేచి పలకాలి అని నాతో మూడుసార్లు అనిపించి పంపింది. సారు పిలిచాడు, నేను లేచి "హాజర్ సార్" అన్నాను. ఒకే గదిలో మా ముందు కూర్చున్న రెండో తరగతి పిల్లలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. ఒక అమ్మాయి అయితే ఏడుపు అందుకుంది, సారు బయటికి పంపేదాకా ఆపలేదు. ఆ బడిలో ఉన్న రెండేళ్ళూ నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నా దుడుకుతనానికి జడిసి దూరం కూర్చుంటున్నారని గర్వపడేదాన్ని కూడాను, ఏం చెప్పమంటారు నా తెలివి!

ఆ తర్వాత నాయిన బాన్సువాడలో ఎరువుల దుకాణం పెట్టడంతో పల్లె విడిచి వచ్చేశాం. ఇక్కడ మా పాత సంగతులు తెలిసినవాళ్ళు లేరు. నాయినకు బతుకులో ఒకటే పట్టు, బిడ్డను డాక్టరును చెయ్యాలని. నాకు అంతకంటే ఎక్కువ పట్టు. తొంభైల నడుమ రెండుసార్లు ఎంసెట్ రాశాను, రెండుసార్లూ కొద్దిలో సీటు తప్పింది. ఇక నా చదువు ఇంతేనని రోజూ ఏడ్చి కళ్ళు వాచిపోయిన రోజుల్లో, మా మేనత్త కొడుకు, నాకు బావ, రంగుల కాగితాల కట్టతో ఊడిపడ్డాడు. విదేశాల్లో చదువులకు పంపే ఆఫీసొకదానిలో హైదరాబాదులో కొలువు చేసేవాడు. డాక్టరీ చదువుకు ఇప్పుడు అమెరికాలు లండన్లు అక్కర్లేదని, పాత సోవియట్టు విడిపోయి పుట్టిన దేశాలు మనవాళ్ళను పిలిచి మరీ చేర్చుకుంటున్నాయని చెప్పాడు. కష్టమంతా వీసా దగ్గరేనట. మూడు దేశాల కాగితాలు చాపమీద పరిచి, పెళ్ళిళ్ళ పేరయ్యలాగా మొదలుపెట్టాడు.

"గీ మొదటి సంబంధం మంచిదే గని జాతకం అడుగుతది, అంటే బర్త్ సర్టిఫికెట్ కావాలంటది. గీ రెండోది పిల్లను సూస్తనంటది, అంటే ఇంటర్వ్యూ. ఇగ గీ మూడోది సూడు మామా, జాతకం లేదు, పిల్లను సూసుడు లేదు. మెమోలు, పాస్‌పోర్టు, నాలుగు ఫొటోలు, తల్లిదండ్రుల దస్కతులు, గంతే. ఏమడగదు."

నాకు మొదటి సంబంధమే నచ్చింది. వందేళ్ళ పాత కాలేజీ, ఎర్ర ఇటుకల మేడలు, ఎంత బాగుందో ఆ ఫొటో! నాయిన మాత్రం బావ మాట ముగియకముందే మూడో కాగితం మీద చెయ్యి పెట్టాడు. మంచి కాలేజీ కాదనుకొని ఊరూపేరూ తెలియని చోటికి ఎందుకు, ఒక్క సర్టిఫికెట్ తెచ్చుకోలేమా అని నేను అలిగాను. వారం రోజులు అన్నం దగ్గర సతాయించాను. ఎనిమిదో రోజు నాయిన చెప్పులేసుకొని బయలుదేరాడు, నేను గెలిచానని సంబరపడుతూ వెంట నడిచాను.

మా పాత ఊరి జనన మరణాల పుస్తకాలున్న ఆఫీసులో ఆ పూట ఒకే గుమాస్తా ఉన్నాడు. డోంగ్లి వైపు మనిషి, మాటలో మరాఠీ యాస ఉండేది, పనిలో మాత్రం బహు శ్రద్ధ. నాయిన గొంతు సవరించుకుంటూ నిలబడితే, నేనే ముందుకెళ్ళి నా పేరు, నాయిన పేరు, ఊరు గట్టిగా చెప్పాను. ఆయన ఒక పుస్తకం తిరగేశాడు, దొరకలేదు. ఇంకోటి తీశాడు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది, గదిలో పేజీలు తిప్పే చప్పుడు తప్ప ఏమీ లేదు, నాయిన గోడవైపు చూస్తున్నాడు. చివరికి ఆయన మొహం విప్పారింది. దొరికిందన్నాడు, నింపాదిగా కాగితం రాసి, ముద్ర గుద్ది నా చేతికిచ్చాడు. నా పేరు, నాయిన పేరు, మా ఊరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. స్త్రీ అని ఉంది. వయసు ఆరేళ్ళు అని ఉంది. అప్పుడు కాగితం పైభాగాన ఉన్నది చూశాను. అది చావు సర్టిఫికెట్.

"పుట్టిన పుస్తకంల పేర్లుండవ్ పటేలా, ఆడశిశువు అనే రాస్తరు. గీ పేరు మీద మా తాన ఉన్నది గిదొక్కటే," అన్నాడు గుమాస్తా. తర్వాత నావైపు తిరిగి, ఎంతో జాలిగా, "పోయినామె నీకేమైతదమ్మా?" అని అడిగాడు.

నేను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాయిన చేతిలో పెట్టాను.

బస్టాండులో చెరో చాయ్ ముందు పెట్టుకొని కూర్చున్నాక నాయిన చెప్పాడు. అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. ఆరో ఏట బడిలో వేశారు, నలభై రోజులు వెళ్ళిందో లేదో మెదడు జ్వరమొచ్చింది. బండి కట్టుకొని దవాఖానకు చేరేసరికే అయిపోయింది. బడిలో పేరు కొట్టేయించడానికి నాయిన వెళితే సారు వద్దన్నాడట. పిల్లల లెక్క తగ్గితే ఆ బడికున్న ఒక్క సారునూ తీసేస్తారని ఆయన భయం. పేరు ఉండనీ పటేలా, వచ్చే ఏడు చిన్నదాన్ని ఇదే పేరు మీద పంపు, కొట్టేసి మళ్ళీ రాయడమెందుకు అన్నాడట. ఇది చెబుతూ నాయిన తలెత్తలేదు. "కొట్టేసుడంటే నాకూ పానం ఒప్పలే బిడ్డా," అన్నాడు.

మరి నా అసలు పేరేమిటని అడిగాను. ఆయన ఆలోచించాడు, గుర్తు రాలేదు, అవ్వకు తెలుస్తుందన్నాడు. బస్సు దిగి ఇంటికి పరుగెత్తి నాయనమ్మను అడిగితే ఆమె నా గడ్డం పట్టుకొని, "నీకు పేరు పెట్టనేలేదే బిడ్డా. మంచి దినం సూద్దామనుకుంటనే చిన్నది చిన్నది అనుకుంట ఉంటిమి. అంతల అది పాయె, ఇగ ఎవరికి సోయున్నది?" అంది. ఏడుపు కూడా రాలేదు నాకు. ఏ పేరు పెట్టి ఏడవను?

పేరు మార్పించుకుంటానని పట్టుబట్టాను. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి కాగితమూ మార్చాలని, ఏడాది పైనే పడుతుందని, అప్పటికీ అవుతుందో లేదో చెప్పలేమని బావ తేల్చాడు. ఆ ఏడు పోతే నాయిన మళ్ళీ పంపగలడో లేదో తెలియదు, ఊళ్ళో అప్పుడే పెళ్ళిమాటలు మొదలయ్యాయి. మిగిలింది ఆ మూడో దేశం, ఏమీ అడగని దేశం. సరేనన్నాను. అబద్ధమెందుకు, నాయిన బలవంతం చెయ్యలేదు. డాక్టరు కావాలన్న ఆశ నాకు అంత ఉండేది, ఎవరి పేరు మీదనైనా సరే.

నాయనమ్మ ఒక్కతే అడ్డం పడింది. పోయిన పిల్ల పేరును పొలిమేర దాటించవద్దని, దాటిస్తే పేరు వెంట అదీ లేచి నడుస్తుందని ఆమె భయం. పోస్టుమాన్ మిట్టమధ్యాహ్నం వచ్చి వాకిట్లో ఆ పేరు పిలిస్తే, మూడుసార్లు పిలిచేదాకా ఎవరినీ పలకనిచ్చేది కాదు. ఒకసారి నేను ఇంట్లో లేనప్పుడు, గా పేరుగల్లోళ్ళు గీడ లేరు, ఎన్నడో పోయిండ్రు అని చెప్పి కాలేజీ నుంచి వచ్చిన పిలుపు ఉత్తరాన్నే తిప్పి పంపింది. దాన్ని పట్టుకోవడానికి బావ పోస్టాఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగాడు.

వీసా ఫారాలు వచ్చాయి. నాయిన నింపాడు, నేను ఇంగ్లీషులో సంతకం చేశాను. అమ్మకు చదువు రాదు గనుక, ఆమె వేలిముద్ర నిశాని వెయ్యాల్సిన గడిలో పెన్సిలుతో గుర్తు పెట్టి, స్టాంపు ప్యాడు పక్కన ఉంచి దుకాణానికి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, తిరగేసి చూడకుండానే కవరులో పెట్టి బావకు పంపాడు. పది రోజులకు బావ అదే ఫారం పట్టుకొని మండిపడుతూ వచ్చాడు. "ఏం పిల్లవే నువ్వు? అత్త గడిల నీ పేరెందుకు రాసినవ్? గదీ తెల్గుల, ఒకటో తరగతి పోరి లెక్క?"

ఫారం చేతిలోకి తీసుకున్నాను. తల్లి సంతకం అన్నచోట ఆ పేరు ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు, దేనికదే విడివిడిగా, తలకట్లు తర్వాత గుర్తొచ్చి పెట్టినట్టుగా పైన ఎక్కడో ఉన్నాయి. చివరి అక్షరం గడి దాటి కిందికి జారిపోయింది. ఆరేళ్ళ పిల్ల చేతిరాత, ఎవరు చూసినా అదే అంటారు. నేను రాయలేదు. నాయిన రాయలేదు. తమ్ముడు హాస్టల్లో ఉన్నాడు. అమ్మకూ నాయనమ్మకూ అక్షరం ముక్క రాదు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"సెప్పిన గదనే!" అంది నాయనమ్మ, గొంతు తగ్గించి. "పొలిమేర దాటిస్తమంటే అది ఊకుంటదా? నేనే పోతనని దస్కతు పెట్టుకున్నది."

నేను సైన్సు చదివినదాన్ని, కప్పలు కోసినదాన్ని, ఆ వారం రోజులూ పట్టపగలు ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోయాను. నేను అద్దం ముందు జడ వేసుకుంటుంటే నా మోచేతి ఎత్తున ఎవరో నిలబడి ఉన్నట్టుండేది. వంగి చూడడానికి ధైర్యం చాలేది కాదు. పెన్నులన్నీ ఏరి అటక మీద, చిన్నపిల్లల చేతికి అందనంత ఎత్తున పెట్టాను. పెట్టిన తర్వాత, ఇంట్లో చిన్నపిల్లలు లేరు కదా అని గుర్తొచ్చింది. ఇంకా సిగ్గులేకుండా చెబుతున్నాను, ఒక మధ్యాహ్నం ఖాళీ గదిలో, నాకు ఈ ఒక్క చదువు ఇప్పించు, తర్వాత నీ పేరు నీకే ఇచ్చేస్తా అని పైకే మొక్కుకున్నాను.

తర్వాత రెండు రోజులకు, వంటింట్లో అమ్మ చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతోంది. నేను వెనక నుంచి వెళ్ళడం ఆమె చూడలేదు. ఏరడం ఆపి, బియ్యాన్ని అరచేత్తో చదును చేసి, చూపుడు వేలితో గీయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క అక్షరమూ విడిగా రాసింది. అన్నీ అయ్యాక తలకట్లు పెట్టింది. చివరి అక్షరం చాట అంచు మీదికి జారింది. చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది.

నేను కేక వేసి ఉంటాను. అమ్మ ఉలిక్కిపడి, దొంగతనం దొరికిపోయినట్టు చాట మీద కొంగు కప్పింది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పింది. "అక్క బడికి పోయినన్ని దినాలు, రోజొచ్చి పలక మీద నాతోని దిద్దిచ్చేది బిడ్డా. దాని పేరు దాక వచ్చింది. రేపటి సంది నీ పేరు నేర్పుతనమ్మా అన్నది. గా తెల్లారే జరమొచ్చింది. నాకు రాసుడంటే గదొక్కటే. దస్కతంటే రాసుడే గదా అనుకున్న, తప్పయిందా?"

నేను ఆ నేలమీదే కూలబడి, అమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. భయం పోయింది, దాని బదులు వచ్చింది మాత్రం ఇప్పటికీ పోలేదు. బావకు సంగతి చెబితే ఫారం మడిచి జేబులో పెట్టుకొని, "ఆడ తెల్గు ఎవనికి వస్తది, ఫికర్ చెయ్యకు, గిదే పంపుదాం," అన్నాడు. నిజంగానే ఎవరూ అడగలేదు. నెల తిరక్కుండా వీసా వచ్చింది, ఆ పేరు మీద, నా ఫొటోతో.

బయలుదేరే రోజు నాయనమ్మ గడపలో నిలబడి "చిన్నదీ, చిన్నదీ, చిన్నదీ" అని మూడుసార్లు పిలిచి నాతో పలికించుకుంది. అక్కడ ఎవరు ఆ పేరు పిలిచినా మొదటి పిలుపుకు పలకవద్దని ఒట్టు వేయించుకుంది. ఆరేళ్ళూ ఆ ఒట్టు తప్పలేదు, మా ప్రొఫెసర్లు నాకు కాస్త చెవుడనుకున్నారు. నేను తిరిగొచ్చి, బయట చదివినవాళ్ళకు ఇక్కడ పెట్టే పరీక్ష కూడా గట్టెక్కి, బాన్సువాడలో బోర్డు పెట్టేసరికి ఆమె లేదు. బోర్డు ఎక్కించిన రోజు నాయిన వచ్చి, భుజం మీది తువ్వాలుతో ఆ పేరును తుడిచి తుడిచి, లోపల ఉన్న నన్ను చూడకుండానే వెళ్ళిపోయాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. నాకు కోపం రాలేదని చెప్పలేను.

ఇప్పుడు నా చేతుల మీదుగా పుట్టే పిల్లలకు వారం తిరక్కముందే పేరు రాయించుకుంటున్నారు, పుట్టకముందే అనుకొని ఉంచుకుంటున్నారు. ఎంత మంచి రోజులు! ఆ కాలంలో మా వాళ్ళకు దుర్మార్గమేమీ లేదు, పోయిన బిడ్డ పేరు బడి పుస్తకంలోనైనా మిగలాలని ఆశపడ్డారు, మిగిలించుకున్నారు. ఆ పేరును ఇన్నేళ్ళు మోసింది నేను. వేలమంది ఆ పేరుతో నన్ను పిలిచి దండం పెట్టారు. చిన్నదీ అని పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి అమ్మ ఒక్కతే మిగిలింది.

అమ్మ ఆఖరి వానాకాలం నా దగ్గరే గడిపింది. జ్ఞాపకం చెదిరిపోయింది, ఆ జబ్బు పేరు నాకు తెలుసు, మందులు నేనే ఇచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం దవాఖాన నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, అమ్మ మంచం మీద లేచి కూర్చుని, బతుకులో ఎన్నడూ నన్ను పిలవని ఆ పేరుతో, నోరారా పిలిచింది. వచ్చినవా బిడ్డా, ఎంత పెద్దగైనవే అని నా చేతులు రెండూ పట్టుకొని కళ్ళకద్దుకుంది. అంత సంతోషం ఆమె మొహంలో నేనెప్పుడూ చూడలేదు. తర్వాత నా భుజం మీదుగా వాకిలివైపు చూసి, "చిన్నదేదే? దాన్ని యాడ ఇడిసిపెట్టి వచ్చినవ్?" అని అడిగింది.

నేనే చిన్నదాన్నమ్మా అంటే ఆమె చేతుల్లోంచి పెద్ద బిడ్డ మళ్ళీ పోతుంది. అనలేకపోయాను. వెనక వస్తుందమ్మా అన్నాను. పోయేదాకా అమ్మ ఆ వాకిలివైపే చూసింది.